తెరచాటు వేధింపులు – పెద్దల మొదటి మాట



నేటి నా ప్రసంగవిషయము పేరునకు క్రొత్తదే గాని, దాని మూలము మాత్రము మీరెఱిగినదే. ఒకనిని పదిమంది చేరి యేడిపించుట మన యూళ్లలో లేని పని కాదు. నల్లనివానిని, పొట్టివానిని, నత్తివానిని, తండ్రి లేనివానిని, చిరిగిన చొక్కా తొడిగినవానిని బడిపిల్లలు పేరు పెట్టి పిలిచి వెక్కిరించుట తరతరములుగా జరుగుచునే యున్నది. మనలో ననేకులము చిన్ననాట అట్టి మాటలు పడినవారమే. కొందఱము అన్నవారము కూడ. చెఱువుగట్టు మీదనో, బడి దారిలోనో ఎవరో అన్న యొక్క మాట, నలువది యేండ్లు గడచినను ముల్లువలె మనస్సులో నిలిచియుండుట మీలో కొందఱికి అనుభవములోని సంగతియే.

ఆ పనియే నేడు సెల్‌ఫోను మూలమున జరుగుచున్నది. దీనికి ‘సైబరు వేధింపు’ అని పేరు. పత్రికలలో ఈ పేరు మీరు చదివియే యుందురు. ఇది యెట్టిది, పిల్లల మనస్సుపై దీని దెబ్బ యెంతటిది, ఇంటి పెద్దలును ఊరి పెద్దలును ఏమి చేయవలెను అను మూడు సంగతులను మీకు మనవి చేసెదను. అన్నిటికంటె ముఖ్యముగా, కష్టములో పడిన బిడ్డతో మనము పలుకు మొదటి మాటను గూర్చి చెప్పదలచియున్నాను.

వేధింపు అనగానేమో ముందుగా తేల్చుకొందము. సమానులైన యిద్దఱు పోట్లాడుకొన్నచో అది తగవు, వేధింపు కాదు. స్నేహితులు ఒకరినొకరు పరిహసించుకొని ఇద్దఱును నవ్వినచో అదియు వేధింపు కాదు. నార్వే దేశములోని బెర్గెన్ నగరమున డాన్ ఓల్వియస్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బడిపిల్లల నడుమ జరుగు ఈ ఆగడములను చాలకాలము పరిశోధించెను. 1983లో ఆ దేశము తన బడులన్నిట ఈ దురాచారమును మాన్పుటకు పూనుకొన్నప్పుడు ఆయన పరిశోధనలే దారి చూపినవి. వేధింపునకు ఆయన మూడు లక్షణములు చెప్పెను. నొప్పింపవలెనను తలంపు ఉండుట మొదటిది. ఆ పని మరల మరల జరుగుట రెండవది. ఏడిపించువాని బలమునకు ఎదుటివాడు నిలువలేకపోవుట మూడవది.

ఫోను వచ్చిన పిమ్మట ఈ లక్షణముల తీరు మాఱినది. ఇక్కడ బలమనగా కండబలము కాదు. మొగము దాచుకొనగలుగుటయే బలము. మరల మరల నొప్పించుటకు ఏడిపించువాడు మరల శ్రమపడ నక్కఱలేదు. అతడు ఒకసారి పంపిన దానిని నూఱుమంది నూఱుసార్లు పంపుదురు.

ఇది జరుగు విధములు పెక్కు గలవు. ఒక తరగతి పిల్లలు వాట్సాపులో ఒక గ్రూపు పెట్టుకొని, అందులో ఒక పిల్లకు పేరు పెట్టి దినదినము హేళన చేయుదురు. లేదా, అందఱిని చేర్చుకొని ఆమె నొక్కతెను వెలివేయుదురు. వెలి యనగా నెట్టి శిక్షయో మన పల్లెలకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఒక పిల్లవాని పేరును, ఫోటోను పెట్టి దొంగఖాతా తెఱచి, అతడనని మాటలను అన్నట్లుగా పదిమందికి పంపుదురు. ఒక బాలిక ముఖమును మఱియొక దేహమునకు అతికింతురు. ఇదివఱకు దీనికి కొంత నేర్పు కావలసియుండెను. నేడు కృత్రిమమేధ యను సాధనముతో బడిపిల్లవాడే కొలది నిమిషములలో అట్టి బొమ్మను కల్పింపగలడు. కావున ఒక చిత్రము కంటబడినంతమాత్రమున అది నిజమని నమ్మరాదు. అన్నిటికంటె క్రూరమైనది వేఱొకటి కలదు. స్నేహము నటించి, నమ్మించి, రహస్యమైన చిత్రమును సంపాదించి, అడిగినది ఇయ్యకున్నచో ఊరందఱికి పంపెదనని బెదిరించుట. ఇది వేధింపు మాత్రమే కాదు, దోపిడి కూడ.

పూర్వపు వెక్కిరింతకును దీనికిని భేదమేమి, మేము పడలేదా, బ్రతుకలేదా యని మీరడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. నాకు తోచిన భేదములు నాలుగు.

పూర్వము బడిలో మాటలు పడిన పిల్లవాడు ఇంటికి వచ్చినచో ఆ మాటలు గడప వెలుపలనే నిలిచెడివి. తల్లి పెట్టిన అన్నము తిని, నాయనమ్మ ప్రక్కలో పండుకొని, తెల్లవారునప్పటికి కొంత కోలుకొనెడివాడు. నేడు ఆ మాటలు వానితోకూడ ఇంటిలోనికి వచ్చును. అర్ధరాత్రమున దిండు క్రింద మ్రోగును. ఇది మొదటి భేదము.

పూర్వము విన్నవారు పదిమంది. వారెవరో ఆ పిల్లవానికి తెలియును. నేడు ఎందఱు చూచిరో, ఎవరెవరు చూచిరో తెలియదు. బజారులో ఎదురైన ప్రతివాడును చూచియే యుండునని అనుమానము. నవ్విన ప్రతివాడును తననే చూచి నవ్వెనని భయము. ఇది రెండవది.

మూడవది మఱపు. కుండకు మూకుడు గలదు గాని లోకమునకు మూకుడు లేదని మన సామెత. అయినను లోకము కొంతకాలమునకు క్రొత్త సంగతి దొరికి పాతది మఱచెడిది. ఫోనులోని చిత్రము మఱవదు. ఏడాది గడచిన పిదప ఎవడో దానిని వెలికి తీసి మరల పంపును. మానిన పుండు మరల రేగును.

నాలుగవది, ఏడిపించువానికి ఏడ్చువాని ముఖము కనబడకపోవుట. ఎదుట నిలిచి అన్నప్పుడు, ఎదుటివాని కంట నీరు చూచి చాలమందికి మనస్సు కరగును. తెరచాటున నున్నవానికి ఆ కన్నీరు కనబడదు. అందువలన మంచి యింటి పిల్లలు కూడ, ఎదుట నిలిచి అనలేని మాటలను తెరచాటున అనుచున్నారు.

ఈ యంత్రము మన పిల్లల చేతికి వచ్చి ఎంతో కాలము కాలేదు. మన దేశములో ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది. 2016 తరువాత దాని వెల మిక్కిలి తగ్గి పల్లెపల్లెకు ప్రాకినది. 2020లో కరోనావ్యాధి వలన బడులు మూతపడినప్పుడు, పాఠముల కొఱకని మనమే అప్పు చేసి ఫోనులు కొని పిల్లల చేతికిచ్చితిమి. బండి తోలుట నేర్పక పగ్గములు చేతికిచ్చినట్లయినది. ఇందులో పిల్లల తప్పెంతయో మన తప్పును అంతయే.

ఇది ఎక్కడనో ఒకచోట జరుగు వింత కాదు. ఐక్యరాజ్యసమితివారి బాలలనిధి యైన యూనిసెఫ్ సంస్థ 2019లో 30 దేశముల యువజనుల నడిగి చూడగా, ముగ్గురిలో ఒకరు తాము ఇట్టి వేధింపునకు గుఱియైతిమని చెప్పిరి. ఇట్టి వేధింపువలనను హింసవలనను ఐదుగురిలో ఒకరు బడి ఎగగొట్టినట్లు చెప్పిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ యొక్క ఐరోపా శాఖ 2024లో ప్రకటించిన నివేదికలో, 44 దేశముల బడిపిల్లలలో సుమారు ఆఱుగురిలో ఒకరు ఈ బాధ పడిరని యున్నది. మగపిల్లలకును ఆడపిల్లలకును ఇందులో పెద్ద భేదము లేదు.

లెక్కలకంటె ఒక బిడ్డ కథ మనకు ఎక్కువ బోధించును. ఈ కథ కెనడా దేశమునది. దూరదేశపు సంగతి మనకేల యనవలదు. అక్కడి బిడ్డ ముందున్న తెరయు, ఇక్కడి బిడ్డ ముందున్న తెరయు ఒక్క వంటివే.

కెనడా పశ్చిమభాగమున, బ్రిటిష్ కొలంబియాలో పోర్ట్ కొక్విట్లమ్ అను పట్టణము కలదు. అందు అమాండా టాడ్ అను బాలిక యుండెను. ఏడవ తరగతి దినములలో ఆమె కంప్యూటరు ముందు కూర్చుండి క్రొత్తవారితో మాటలాడుచుండెడిది. వారిలో ఒకడు ఆమెను పొగడి, మాటలతో మెత్తపఱచి, చూపరాని చిత్రమొకటి ఆమెనుండి సంపాదించెను. ఆమెది తెలిసీ తెలియని వయస్సు. జరిగినది ఒక్క క్షణములో. సుమారు ఒక యేడు గడచిన పిదప ఆమెకు బెదిరింపు వచ్చెను. చెప్పినట్లు చేయకున్నచో ఆ చిత్రమును ఆమె నెఱిగినవారికెల్ల పంపెదనని దాని సారాంశము. ఆమె బడి యేదియో, స్నేహితులెవరో, బంధువులెవరో వానికి తెలియును. చెప్పినంత పనియు చేసెను. క్రిస్మసు సెలవులలో ఒకనాటి వేకువజామున పోలీసులు తలుపు తట్టి, చిత్రము బయటపడినదని ఆ యింటివారికి తెలియజేసిరి.

ఆమెను బడి మార్చిరి. వాడు అక్కడికిని వెంటబడి, ఆ చిత్రమునే పెట్టి దొంగఖాతా తెఱచి, క్రొత్త బడి పిల్లలకు అందునట్లు చేసెను. చిత్రమును పంపినవాడు ఒక్కడు. దానిని చూచి నవ్వినవారును, పేర్లు పెట్టినవారును, ఆమెతో కలిసి భోజనమునకు కూర్చుండ నొల్లనివారును తోడి పిల్లలే. 2012 సెప్టెంబరు 7న ఆమె ఒక వీడియో తీసి లోకమునకు చూపెను. అందు నోటితో ఒక్క మాటయు పలుకలేదు. తన కథను అట్టముక్కలపై వ్రాసికొని, ఒకదాని తరువాత నొకటి చూపినది. తనకెవరును లేరనియు, ఒకరు కావలెననియు అందులో నున్నది. అక్టోబరు 10న ఆమె ప్రాణము తీసికొన్నది. అప్పటికి ఆమెకు పదునైదేండ్లు. బ్రతికియున్నప్పుడు ఆమెకు తోడు రాని లోకములో, పిదప ఎన్నియో లక్షలమంది ఆ వీడియోను చూచిరి.

నేరము చేసినవాడు సముద్రమునకు ఆవల, నెదర్లాండ్సు దేశములో కూర్చుండి ఈ పని చేసెను. వయస్సు వచ్చిన మగవాడు. అతడు 2014లో పట్టుబడెను. పలువురిని ఇట్లే పీడించినందులకు 2017లో ఆ దేశపు న్యాయస్థానము వానిని శిక్షించినది. 2020లో కెనడాకు తెచ్చిరి. 2022 ఆగస్టులో అక్కడి జ్యూరీ నేరము రుజువైనదని చెప్పగా, అక్టోబరులో 13 సంవత్సరముల కారాగారశిక్ష విధింపబడినది. అప్పటికి ఆ బాలిక మరణించి పది సంవత్సరములు దాటినది. ఆమె తల్లి కారల్ టాడ్ ఉపాధ్యాయిని. కూతురి పేర నొక సంస్థను స్థాపించి, ఇతరుల బిడ్డలకు ఈ గతి పట్టకుండవలెనని పిల్లలకును తల్లిదండ్రులకును చెప్పుచు వచ్చినది.

ఈ కథలో మనము గమనింపవలసినది ఒకటి కలదు. బెదిరించినవాడు దూరమున నుండెను. నవ్వినవారు దగ్గఱ నుండిరి. దూరమున నున్నవానిని పట్టి శిక్షించుటకు రెండు దేశముల ప్రభుత్వములకు పదేండ్లు పట్టినది. దగ్గఱ నున్నవారిలో ఎవరైన నొకరు ఆమె ప్రక్కన కూర్చుండుటకు ఒక్క పూట చాలియుండెను. మఱియొక మాట కూడ చెప్పవలెను. ఇట్టి మరణములకు ఒక్కటే కారణమనరాదు. పలు దుఃఖములు పెనవేసికొని యుండును. వేధింపునకు గుఱియైన పిల్లలలో మిక్కిలి యెక్కువమంది బ్రతికి బయటపడుచున్నారు. సమయమునకు తోడు దొరికినవారు కోలుకొని చదువుకొనుచున్నారు. కావున భయపడవలసిన పని లేదు; మెలకువగా నుండవలసిన పని గలదు.

ఇంటిలోని బిడ్డ ఈ బాధలో నున్నట్లు కనిపెట్టుట యెట్లు? నోరు చెప్పకున్నను నడవడి చెప్పును. అన్నము సరిగా తినదు. రాత్రి నిద్రపోదు. బడికి పోవు వేళకు కడుపునొప్పి యనును, తలనొప్పి యనును. వైద్యుడు చూచి రోగము లేదనును. నొప్పి నటన కాదు. మనస్సులోని భయము దేహమున నొప్పిగా పుట్టుట కద్దు. మార్కులు తగ్గును. ఫోను మ్రోగినచో ఉలికిపడును. ఎవరైన దగ్గఱకు వచ్చినచో తెరను త్రిప్పివేయును. ఎల్లప్పుడు ఫోను పట్టుకొని యుండెడివాడు ఒక్కసారి దానిని ముట్టకపోవుటయు ఒక గుర్తే. స్నేహితులను విడిచి ఒంటరిగా కూర్చుండును. ‘నేను లేకున్నచో మీకందఱికి సుఖము’ వంటి మాట యేదైన బిడ్డ నోట వచ్చెనా, దానిని ఎంతమాత్రమును తేలికగా తీసికొనరాదు. ఆనాడే ప్రక్కన కూర్చుండి అడుగవలెను. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న భారము తగ్గును.

ఇంత చిన్న మాటకు ఇంత బాధయా యని కొందఱందురు. పన్నెండు మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గల వయస్సున తోడివారి మెప్పు అన్నమువంటిది. తోడివారి హేళన విషమువంటిది. ఆవేశమును అణచి, రేపటిని ఆలోచించు మెదడు భాగము ఇరువదియేండ్లు దాటిన పిదప గాని పూర్తిగా పరిపక్వము కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఈ బాధ రేపటికి తగ్గునని మనకు తెలియును. ఆ వయస్సువారికి తెలియదు. ఆ తెలివిని అరువిచ్చుటకే పెద్దవారమైన మనమున్నాము.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ఇంత బాధ పడుచు పిల్లలు మనతో ఏల చెప్పరు? వారికి రెండు భయములు గలవు. ఫోను లాగుకొందురని మొదటి భయము. తప్పంతయు తనదే యందురని రెండవ భయము. ఆడపిల్లయైనచో ఇంకొక పెద్ద భయము గలదు: చదువు మాన్పించి తొందరపడి పెండ్లి చేయుదురని. ఈ భయములు నిరాధారములని మనము గుండెమీద చేయి వేసికొని చెప్పగలమా? బెదిరించువానికి ఆయుధము ఆ చిత్రము కాదు. ‘మీ నాయనకు చెప్పెదను’ అను మాటయే వాని ఆయుధము. ఆ బిడ్డ ముందుగా నాయనతో తానే చెప్పుకొన్ననాడు, నాయన కోపింపక విన్ననాడు, ఆ ఆయుధము విఱిగిపోవును.

రెండిండ్లను ఊహించుకొందము. పదవ తరగతి చదువు బాలిక యొకతె. ఆమె ముఖమును మఱియొక దేహమునకు అతికించి ఎవడో పంపి, పదివేల రూపాయలిమ్మని బెదిరించుచున్నాడు. ఒక యింట ఆమె ఏడ్చుచు చెప్పగా, ‘అసలు నీ ఫోటో వాని కెట్లు పోయెను? కుటుంబము పరువు తీసితివి గదా’ అని తండ్రి అఱచెను. ఫోను నేలకు వేసికొట్టెను. ఆ ఫోనుతో వాని బెదిరింపుల ఆధారమంతయు పోయినది. మఱునాటినుండి బిడ్డ బడికి పోలేదు, మఱి నోరు తెఱవలేదు. వాడు వేఱొక బిడ్డ వెంట బడెను. రెండవ యింట తాత వినెను. కొంచెము సేపు ఊరకుండి, ‘చెప్పి మంచి పని చేసితివమ్మా. తప్పు వానిది, నీది కాదు. ఏమి చేయవలెనో అందఱము కూర్చుండి చూతము’ అనెను. తరువాత చేయవలసిన పనులన్నియు ఆ మాటనుండి పుట్టినవి. రెండిండ్లకును కష్టమొక్కటే. వేఱుపడినది మొదటి మాటయే.

ఆ మాట తరువాత చేయవలసిన పనులు చెప్పెదను. వచ్చిన బెదిరింపులను, చిత్రములను తొందరపడి తుడిచివేయరాదు. అవి వచ్చిన తేదీ, వేళ, పంపినవాని ఖాతా పేరు, నంబరు కనబడునట్లు స్క్రీన్‌షాట్లు తీసి ఉంచవలెను, అవియే సాక్ష్యము. అయితే పసివారి అసభ్యచిత్రములను సాక్ష్యమను పేర ఇతరులకు పంపరాదు. ఫోనును పోలీసులకు చూపినచో చాలును. వానికి తిరిగి జవాబు వ్రాయరాదు. డబ్బు ఒక్క రూపాయియు పంపరాదు. ఒకసారి ఇచ్చినచో వాడు విడువడు, మరల అడుగును. అటుపిమ్మట వాని నంబరును, ఖాతాను బ్లాకు చేసి, ఆ ఖాతా నడుచు సంస్థకు ఫిర్యాదు చేయవలెను. పదునెనిమిదేండ్ల లోపువారి చిత్రముల విషయమున ‘టేక్ ఇట్ డౌన్’ అను ఉచిత సేవ 2023 నుండి కలదు. చిత్రమును ఎవరికిని పంపకయే, దాని గుర్తుసంఖ్యను మాత్రము తీసికొని, ఇందులో చేరిన సంస్థలు తమ వేదికలమీద ఆ చిత్రమును నిలుపుచేయుటకు అది తోడ్పడును.

ఫిర్యాదునకు 1930 అను నంబరు కలదు. కేంద్రప్రభుత్వమువారి సైబరు నేరముల వెబ్‌సైటులోను వ్రాసికొనవచ్చును. సమీపమున నున్న పోలీసు స్టేషనులో ఇయ్యవచ్చును. ఆపదలో నున్న బాలల కొఱకు 1098. తక్షణసాయమునకు 112. మనస్సు క్రుంగినవారికి సలహా చెప్పుటకు టెలిమానస్ 14416. తెలుగులో మాటలాడువారు కలరు. ఈ నాలుగు నంబర్లను గ్రామపంచాయతీ గోడమీదను, బడి గోడమీదను వ్రాయించుట పెద్ద ఖర్చు కాదు.

చట్టమేమి చెప్పుచున్నది? 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో, ఇతరుల గుర్తింపును దొంగిలించుట 66-సి సెక్షను క్రిందను, మఱియొకరినని నటించి మోసగించుట 66-డి క్రిందను, రహస్యాంగముల చిత్రములను అనుమతి లేక తీసి పంపుట 66-ఇ క్రిందను నేరములు. పిల్లల అసభ్యచిత్రములను గూర్చి 67-బి కలదు. స్త్రీ వద్దన్నను వెంటబడి సందేశములు పంపుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 78వ సెక్షను క్రింద నేరము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బిడ్డ దేహచిత్రమును బయటపెట్టెదనని లైంగికమైన దురుద్దేశముతో బెదిరించుటయే నేరము. ఆ చిత్రము నిజమైనదైనను సరే, కల్పించినదైనను సరే.

పోలీసు స్టేషను మెట్లెక్కినచో పరువు పోవునని మనవారు జంకుదురు. కాని ఈ చట్టము ఆ సంకోచమును ఎఱిగియే వ్రాయబడినది. బిడ్డ వాఙ్మూలమును బిడ్డ యింటనే గాని, బిడ్డ కోరిన చోట గాని తీసికొనవలెను. సాధ్యమైనంతవఱకు సబ్‌ఇన్‌స్పెక్టరు హోదాకు తక్కువ కాని స్త్రీ అధికారియే తీసికొనవలెను. ఆ సమయమున వారు యూనిఫారములో నుండరాదు. రాత్రి వేళ బిడ్డను స్టేషనులో ఉంచరాదు. బిడ్డ పేరును, ఊరును పత్రికలు ప్రకటింపరాదు. ఊరి పెద్దలకు ఇంకొక మాట. పోక్సో చట్టమునకు లోబడు నేరమును ఎఱిగియు తెలుపకపోవుటయే శిక్షార్హము. కావున అట్టి సంగతిని రచ్చబండ మీద కూర్చుండి తప్పు కట్టించి సర్దుబాటు చేయుట మన అధికారములో లేని పని.

అయితే ప్రతి నొప్పియు చట్టమునకు అందదు. నొప్పించు సందేశములనన్నిటిని నేరముగా పట్టుచుండిన 66-ఎ సెక్షనును 2015 మార్చి 24న సుప్రీముకోర్టు కొట్టివేసినది. వాక్స్వాతంత్ర్యమునకు అది భంగకరమని తీర్మానించినది. గ్రూపునుండి వెలివేయుట, పేరు పెట్టి నవ్వుట వంటివానికి పోలీసులు రాలేరు. అక్కడ ఉపాధ్యాయుడు రావలెను, తల్లిదండ్రులు రావలెను. కాలేజీలకు పోయిన పిల్లల విషయమున మాత్రము 1997 నాటి ర్యాగింగు నిషేధచట్టము కూడ కలదు.

ఇంతవఱకు బాధపడు బిడ్డను గూర్చి చెప్పితిని. ఏడిపించువాడు మన బిడ్డయే యైనచో? మనవాడట్టివాడు కాడని బుకాయింపరాదు, చావగొట్టనురాదు. దెబ్బలు తిన్నవాడు మఱింత చాటుగా చేయుట నేర్చుకొనును. ఆ సందేశమును వానిచేతనే పైకి చదివింపవలెను. ‘ఇది నీ చెల్లెలికి వచ్చినచో?’ అని అడుగవలెను. వాని చేతనే దానిని తీసివేయించి, అవతలి యింటికి తోడుకొనిపోయి క్షమార్పణ చెప్పింపవలెను. ఏడిపించుచున్న పిల్లలలో కొందఱు తామును ఎక్కడనో ఏడిపింపబడినవారే. ఆ సంగతియు విచారింపవలెను.

చివరకు మనల గూర్చి. ఒక ఊరిలో అబ్బాయియు అమ్మాయియు మాటలాడుచుండగా ఎవడో వీడియో తీసి పంపెననుకొనుడు. అది మన ఫోనుకు వచ్చును. ‘కాలము చెడిపోయినది చూడుడు’ అని మనము దానిని బంధువుల గ్రూపునకు పంపుదుము. నీతి కొఱకే పంపితిమని మనము అనుకొందుము. కాని ఆ బిడ్డలను కొట్టిన ఱాళ్లలో మన ఱాయియు నొకటియే. పిల్లల అసభ్యచిత్రమైనచో పంపుటయే గాక, ఫోనులో దాచుకొనుటయు నేరము కాగలదని సుప్రీముకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టపఱచినది. నరము లేని నాలుకకు తోడు ఇప్పుడు వ్రేలు వచ్చినది. మనము పంపక ఆపినచో, ఆ మేరకు ఆ చిత్రము ఆగిపోవును. మన పిల్లలు మన మాటలకంటె మన వ్రేళ్లను చూచి ఎక్కువ నేర్చుకొందురు.

నేను చెప్పవలసినది ముగిసినది. ఒక్క మనవి మాత్రము మిగిలినది. ఈ రాత్రి భోజనముల వేళ మీ యింటి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ మాట చెప్పుడు: ‘ఫోనులో నీకు ఎట్టి కష్టము వచ్చినను, అందులో నీ పొరపాటు కొంత యున్నను, ముందు నాతో చెప్పుము. నేను కోపపడను. నీ చదువు ఆపను.’ కష్టము రాకముందే చెప్పుడు; వచ్చిన పిదప ఆ బిడ్డకు గుర్తు వచ్చునది ఆ మాటయే. చెప్పిన మాట నిలుపుకొనుడు.